రెండు వేళ్ల సిరా

సర్వేకొచ్చిన పిలగాడు
గడపల నిలవడే అడిగిండు:
ఏం పని జేస్తవక్కా?

అప్పుడే అండాలక్కను ఎడమ పక్కకు తిప్పి
ఈపుకు పౌడరు రాసి
నడుం వట్టుకొని లేసిన.
ఏం జెయ్య, ఇంట్లనే ఉంట అన్న.
నా నోటితోని నేనే అన్న.
ఆయన ఆ గడిల అడ్డం గీత గొట్టి
పక్కింటికి పోయిండు.

గట్టుప్పల్‌ల చిటికి కట్టాలంటే
మా అక్క తర్వాతనే ఎవరన్న.
నూలు మీద ఆమె రబ్బరు చుట్టితే
రంగు తన హద్దు దాటకపోయేది.
ఆరేండ్ల కింద, పోగులు ఆరేస్తుంటె,
కుడి చెయ్యి, కుడి కాలు
ఒక్కపాలె పడిపోయినయి.
మాట గూడ పోయింది.
మిగిలింది ఒక్క అచ్చరం: నీ.
నీళ్లకు నీ.
నీడకు జరుపమంటే నీ.
నిద్ర వట్టకపోతే సుత నీ.
ఏ నీ ఏదో
గొంతుల గరగరను బట్టి తెలుస్తది నాకు.
ఇది ఏ కాలేజిల నేర్పరు.

మగ్గం మీద మూర నేస్తే మూరకింత కూలి.
ఆరేండ్లు మనిషి ఈపు మీద
ఒక్క పుండు లేవకుండ కాపాడితే
దాన్ని కొలిచే మూర
మా సొసైటీల లేదు, మండలాఫీసుల లేదు.

ఎలచ్చన్లొచ్చినయి, డప్పులొచ్చినయి.
ఒకాయన మంచం కాడికొచ్చి
అక్క చెయ్యి వట్టుకొని ఫోటో దిగిండు.
పడిపోయిన చెయ్యే వట్టుకున్నడు,
ఆమెకు తెల్వనే తెల్వదు.
ఏం గావాలమ్మా అంటే చెప్పిన:
నెలకు రెండు దినాలు గావాలె.
పని నేర్చినోళ్లు ఎవరన్న వచ్చి ఈమె కాడ కూసుంటే
నల్లగొండ పోయి పన్ను చూపిచ్చుకుంట,
ఎనిమిది నెలలాయె, దవుడ గుంజుతున్నది.
ఆయన నవ్విండు.
పింఛను పెంచుతం తల్లీ, అన్నడు.
పింఛను ఆమెది సారూ,
నేనడిగింది నా గురించి.
అప్పటికే డప్పు ముందటింటికి చేరింది.

కరపత్రాలన్ని దాచుకొని
రాత్రులు ఒక్కొక్కటే చదివిన.
రోడ్లున్నయి, బోర్లున్నయి, గొర్లున్నయి.
ఒకదాంట్ల, నాలుగో పేజీ అడుగున,
పోగు లెక్క సన్నగ సగం లైను:
మంచాన పడినవారిని చూసుకునేవారికి కూడా
అని ఉన్నది.
కూడా తర్వాత సిరా అలికిపోయింది.

సగం లైనుకే ఓటేద్దామనుకున్న.
ఒక్క అచ్చరంతోని ఆరేండ్లు ఎల్లదీసినదాన్ని,
సగం లైను నాకు చానా ఎక్కువ.
మిగిలిన సగం
గెలిచినోని వాకిట్ల కూసోని
వానితోనే చదివిపిచ్చుకుంట.

ఓటునాడు ఆటోల పండవెట్టి తీస్కపోయిన.
బడి మెట్ల కాడ ఇద్దరు పోరగాళ్లు కుర్చీ లేపిండ్రు.
లోపల సారు ఒక కాయిదం ముందట వెట్టి
ఈమె ఓటు ఎవ్వరికీ చెప్పనని
సంతకం వెట్టమన్నడు.
నవ్వొచ్చింది.
ఏ రాత్రి ఎంతసేపు ఏడ్చిందో,
పాణం దియ్యమని కండ్లతోని ఎన్నిసార్లు అడిగిందో,
ఇన్నేండ్లు ఎవరికి చెప్పిన?
సంతకం వెట్టిన.
ఆమె చూపిచ్చిన కాడ నొక్కిన.
ఆమె తరపున నా కుడి వేలుకు సిరా,
నా తరపున ఎడమ వేలుకు.

రాత్రి మూడింటికి పక్క తిప్పుతుంటె
బుగ్గ ఎలుతుర్ల నా రెండు వేళ్లు చూసి
నీ, అన్నది.
నీళ్లు తాపవోయిన. పెదిమలు బిగవట్టింది.
దుప్పటి కప్పిన. కాదు.
నీ, అన్నది మల్ల.
ఆరేండ్లల్ల మొదటిసారి
నాకు తెల్వలే.

అప్పుడు, ఎడమ చేత్తోని, మెల్లగ,
నొస్తున్న నా దవుడ ముట్టింది.